ఇంటికి కూడా ఒక పర్మనెంటు అడ్వాన్సు కావాలి
(కర్నూలు, కడప సీమలో చీకటి రోజులు – చేతిలో రొక్కం)



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయవలసిందని సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాయడానికి నేను పండితుణ్ణి కాను. కె.సి. కెనాల్ ఆఫీసుల్లో గుమాస్తాగా చేరి, కర్నూలులోను, కడపలోను 36 ఏళ్లు ఫైళ్లు మోసి, 2008లో పదవీ విరమణ చేసినవాడిని. ఇప్పుడు డెబ్బై ఐదు దాటాయి. కనుక నేను చూసిన చరిత్రే రాస్తాను. అది కరెంటు పోయిన రోజుల చరిత్ర. ఆ రోజుల్లో చేతిలో నాలుగు రూకలు ఉన్నవాడికి, లేనివాడికి మధ్య గల తేడా చరిత్ర.

మన ఉద్యోగులకు ఒక మాట బాగా తెలుసు. ప్రతి ఆఫీసులోనూ పర్మనెంటు అడ్వాన్సు అని కొంత రొక్కం ఉండేది. మా పబ్లిక్ వర్క్సు ఖాతాలో దాన్నే ఇంప్రెస్టు అనేవారు. ట్రెజరీలో లక్షలు ఉన్నా సరే, తపాలా బిళ్లలకు, కూలి మనిషికి, లాంతరు నూనెకు ఆ చిన్న మొత్తమే దిక్కు. ఖర్చయిన మేరకు బిల్లు పెట్టి మళ్లీ పూర్తి చేసుకొనేవాళ్లం. పైఅధికారి ఎప్పుడు వచ్చి తనిఖీ చేసినా రొక్కం, వోచర్లు కలిపి సరిపోవాలి. ఆఫీసులో అంత పకడ్బందీగా ఈ పని చేసిన నేను, ఇంటికి మాత్రం అటువంటి ఏర్పాటు చేయలేదు. ఆ తప్పు ఎలా బయటపడిందో ముందు ముందు మనవి చేస్తాను.

పాతరలు, ముడుపులు

మన సీమ కరువు సీమ. 1876–78 నాటి ధాత కరువు గురించి మా తాతగారి కాలం వాళ్లు ఇంకా చెప్పుకొనేవారు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక ఆ పేరు. అప్పటికే మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం పడింది. అయినా జనం మలమల మాడిపోయారు. రైలులో గింజలు వచ్చినా కొనడానికి పేదవాని చేతిలో రొక్కం లేదు. రొక్కం ఉన్న కొన్నిచోట్ల గింజలే దొరకలేదు. అందుచేత మన పెద్దలు రెంటినీ దాచేవారు.

గింజలకు పాతర. నేలలో లోతుగా గొయ్యి తీసి, చుట్టూ వరిగడ్డి, జొన్నచొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేవారు. ఏళ్ల తరబడి చెడేవి కావు. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగకూడదు. కొంతసేపు గాలి తగలనిచ్చి, ముందు దీపం దింపి చూడాలి. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్లు. ఈ జాగ్రత్త మరిచి ప్రాణాలు పోగొట్టుకొన్నవారి కథలు పల్లెల్లో వినేవాళ్లం.

రొక్కానికి ముడుపు. పసుపు గుడ్డలో నాణేలు కట్టి దేవుని గూట్లో పెడితే ఎంత ఇబ్బంది వచ్చినా ముట్టేవారు కారు. దేవుడికి ముడుపు వేరు, ఇంటికి ముడుపు వేరు. ఇంటి ముడుపు ఆడవాళ్ల చేతిలో, చెంగు మూటలోనో, పోపుల డబ్బాలోనో, బియ్యం కుండ అడుగునో ఉండేది. కర్నూలు వైపు డబ్బును దుడ్లు అంటారు. కడప వైపు లెక్క అంటారు. "చేతిలో లెక్క లేదు సార్" అని కడపలో మొదటిసారి విన్నప్పుడు, ఈయన లెక్కల పుస్తకం తేలేదు కాబోలు అనుకొన్నాను!

లాంతరు కాలం, కరెంటు కాలం

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కచేరీలు చాలని చోట గుడారాలు వేశారు. అప్పటికి నేను పసివాణ్ణి. మా నాయన చెప్పగా విన్నదే. లాంతరు వెలుతురులో రాసుకొన్న గుమాస్తాలు ఎందరో. కరెంటు పోతే ఆనాడు ఆగిపోయే పనులు తక్కువ. బావిలో నీళ్లు చేదతో వచ్చేవి. పొయ్యి కట్టెలతో మండేది. బ్యాంకులో లెడ్జరు పుస్తకం ఉండేది. పెట్రోమాక్సు దీపం పెట్టుకొని అయినా చూసి పైకం ఇవ్వగలిగేవారు.

1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. ఊరూరా స్తంభాలు లేచాయి. మన ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో 1994లో మొదటి యూనిట్ నడక మొదలుపెట్టింది. ఇవన్నీ మంచికే. కాని గమనించండి, దీపం ఒక్కటే కాదు, నీళ్లు కూడా తీగ మీదికి ఎక్కాయి. మన కరువు సీమలో చేదబావులు ఎండి, వందల అడుగుల బోర్లు వచ్చాయి. అంత లోతు నుంచి చేతిపంపు నీళ్లు తోడలేదు. కరెంటు లేనినాడు మోటారు లేదు, మోటారు లేనినాడు బిందెలో నీళ్లు లేవు. ఆ తరువాత డబ్బు కూడా తీగ మీదికి ఎక్కింది. ఏ.టి.ఎం. యంత్రం, కంప్యూటరులో ఖాతా, 2016 నుంచి సెల్‌ఫోనులో యు.పి.ఐ. చెల్లింపు. ఇంటి దీపం, నీళ్లు, డబ్బు, మాట – నాలుగూ ఒకే తీగ మీద ఆధారపడితే, ఆ తీగ తెగిన రోజు ఏమవుతుంది? అది కర్నూలు 2009లో చూసింది.

2009 అక్టోబరు 2

ఆ ఏడు సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు మన జిల్లా నల్లమలలోనే హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఆ దుఃఖం ఆరకముందే నెలాఖరున కర్ణాటకలోను, మన వైపు కూడా కుంభవృష్టి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. ఆ కట్ట 19 లక్షల క్యూసెక్కుల లెక్కకు కట్టినది. పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది. పన్నెండు గేట్లూ ఎత్తినా నీరు వెనక్కి ఎగదన్నింది. క్యూసెక్కుల పట్టికలు రాస్తూ ఉద్యోగం చేసిన నాకు ఆ అంకెలు రేడియోలో వింటుంటే చేతులు వణికాయి. మంత్రాలయం మునిగింది, అలంపురం మునిగింది, కర్నూలు పాతబస్తీ మునిగింది. హైదరాబాదు రహదారి తెగింది.

అప్పటికి మేము హంద్రీకి దగ్గరగా పాతబస్తీలో కాపురం. సెప్టెంబరు 28న దసరా అయింది. పండుగ ఖర్చుతో చేతిలో ఉన్నది అయిపోయింది. అక్టోబరు 1, గురువారం నాడు పెన్షను ఖాతాలో పడింది. "వానలో ఎందుకులే, రేపు గాంధీ జయంతి సెలవు, శనివారం పోయి తెచ్చుకొంటాను" అన్నాను. జేబులో 140 రూపాయలు ఉన్నాయి. శుక్రవారం నీళ్లు వీధిలోకి వచ్చాయి. ముందు పాదాలు, కొంతసేపటికి మోకాళ్లు, తరువాత నడుము. పొరుగింటి మేడ మీదికి ఎక్కాము. నేను ఏమి తెచ్చాను? పెన్షను ఆర్డరు, పాసుబుక్కు, సర్వీసు కాగితాల ఫైలు. నా భార్య ఏమి తెచ్చింది? ఒక చేతి సంచీ. అందులో అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, నా రక్తపోటు మాత్రలు, అటుకులు, పాత పాలపొడి డబ్బా ఒకటి.

రెండు రాత్రులు ఆ మేడ మీదే. కింద నల్లటి నీళ్లు, పైన చుక్కలు లేని ఆకాశం. ఊరంతటా ఒక్క దీపం లేదు. "శ్రీశైలం కట్ట తెగిందంట" అని ఒకరు, "సుంకేసుల పోయిందంట" అని ఒకరు. సెల్‌ఫోన్లు మొదటి రాత్రికే మూగబోయాయి. హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. నీరు తీసిన తరువాత ఇంట్లో మోకాలి లోతు బురద.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. వరద తగ్గితే కరెంటు వచ్చేస్తుందని అనుకొన్నాం. అలా రాదు. ముందు ప్రమాదం జరగకుండా వాళ్లే సరఫరా ఆపుతారు. సబ్‌స్టేషనులో, ట్రాన్స్‌ఫార్మర్లలో చేరిన బురద కడగాలి, ఆరబెట్టాలి, మెగ్గర్ పెట్టి పరీక్షించాలి. ఆసుపత్రులకు, నీటి పంపులకు ముందు ఇచ్చి, వీధులకు ఒక్కొక్క లైను చొప్పున తరువాత ఇస్తారు. తడిసిన గోడల్లో వైరింగు ఆరేదాకా ఇంట్లో మెయిన్ వేయకూడదు. మా వీధిలో దీపం వెలిగేసరికి పది రోజులు దాటాయి. నా ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోనూ బురదే. ఏ.టి.ఎం. కార్డు ఉంది, యంత్రం లేదు. పాసుబుక్కులో పెన్షను ఉంది, చేతిలో 140 రూపాయలు.

అప్పుడు నా భార్య పాలపొడి డబ్బా మూత తీసింది. పదులు, ఇరవైలు, యాభైలు, అడుగున చిల్లర నాణేలు. లెక్కపెడితే 2,360 రూపాయలు. "ఎక్కడిది?" అని గుమాస్తా గొంతుతో అడిగాను. "మీరు ఇచ్చిందే. కూరగాయల్లో మిగిల్చింది. దేవుని సొమ్ము కాదు, మన సొమ్మే. అయినా దేవుని సొమ్ము లెక్క ముట్టకుండా పెట్టినా" అన్నది. అంతకు రెండేళ్ల ముందు ఈ డబ్బా నా కంట పడితే, "ఇంట్లో పెడితే వడ్డీ వస్తుందా?" అని మందలించినవాణ్ణి నేనే. ఆ రోజు నోరు మెదపలేదు.

ఆ డబ్బుతో మంచినీళ్లు కొన్నాం, బియ్యం కొన్నాం, కొవ్వొత్తులు కొన్నాం. అంగడివాడు వంద నోటు చూపినా "చిల్లర ఉంటేనే సామాను సార్" అనేవాడు. ఐదు వందల నోటు ఉన్న పెద్దమనుషులు ఉత్తచేతులతో వెనక్కి పోవడం చూశాను. నాలుగో రోజు పొరుగింటి పసిబిడ్డకు జ్వరం కాచింది. ఆటోవాడు, "డీజిలు దొరకడం లేదమ్మా, దుడ్లు ముందే ఇయ్యల్ల" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేం, వాడూ బురదలో నుంచి వచ్చినవాడే. డబ్బాలో నుంచి మూడు వందలు తీసి ఇచ్చింది. బిడ్డ బతికింది. ఇప్పుడు ఆ పిల్లకు ఇంజనీరింగు చదువు. ఇటువంటి ఖర్చుకు వోచరు ఎక్కడ పెట్టాలి?

నా రెండో తప్పు

వరద తరువాత ఇంటి నిధిని నేను స్వాధీనం చేసుకొన్నాను. రిజిస్టరు తెరిచాను. అంతవరకు బాగుంది. కాని చిల్లర నోట్లు చోటు ఎక్కువ తీసుకొంటాయని, అన్నీ ఐదు వందల నోట్లుగా మార్చి కవరులో పెట్టాను. ఏడేళ్లు దాన్ని చూసి మురిసిపోయాను. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటన వచ్చింది. ఐదు వందలు, వేయి నోట్లు చెల్లవు. మా ఇంటి నిధి మొత్తం ఒక్క మాటతో బ్యాంకుకు పోవలసిన కాగితమైంది.

ఇది మన దేశానికి కొత్త కాదు. 1946 జనవరిలో ఐదు వందలు, వేయి, పదివేల నోట్లు, 1978 జనవరిలో వేయి, ఐదు వేలు, పదివేల నోట్లు రద్దు చేశారు. అప్పుడు పెద్ద నోట్లు చూసినవారే తక్కువ కనుక మనబోటివాళ్లకు తగలలేదు. 2016లో తగిలింది. డిసెంబరు 1న పెన్షను కోసం కర్రలు పట్టుకొని, కండువాలు నెత్తిన వేసుకొని వరుసల్లో నిలబడిన మన మిత్రులు ఎందరో ఈ వ్యాసం చదువుతూ ఉంటారు. నా పక్కన నిలబడి నా భార్య, "నా చిల్లర నాకు ఉంచి ఉంటే ఈ వరస తప్పేది కదా" అన్నది. జవాబు చెప్పలేకపోయాను. తరువాత వచ్చిన రెండు వేల నోటును కూడా 2023 మే 19న ఉపసంహరిస్తున్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించింది. పది రూపాయల నోటు మాత్రం ఇవన్నీ చూస్తూ నిలబడింది.

ఇంట్లో ఎక్కువ దాచడమూ తప్పే

ఇది చదివి బ్యాంకులో ఉన్నదంతా తెచ్చి బీరువాలో పెట్టవద్దు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దానికి ముందు పైనున్న పింఛా కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాల మీద నీరు పడింది. కార్తీక పౌర్ణమి రోజులు. మనుషులు పోయారు, పశువులు పోయాయి, ఇళ్లలో దాచుకొన్న నగలు, నగదు బీరువాలతో సహా కొట్టుకుపోయాయి. కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. కర్నూలులో సొమ్ము బ్యాంకులో ఉండి మనం ఇక్కడ చిక్కాము. చెయ్యేటి ఒడ్డున సొమ్ము ఇంట్లో ఉండి ఏటిపాలైంది. కనుక రెండు చోట్లా ఉండాలి. ఇంట్లో కొద్దిగా, బ్యాంకులో మిగతాది. మన ఆఫీసు పద్ధతి అదే కదా. ట్రెజరీ ఒకచోట, ఇంప్రెస్టు ఒకచోట.

ఇతర చోట్ల

ఇది మన సీమకే పరిమితం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని పట్టి కుదిపినప్పుడు అంత పెద్ద నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఏ.టి.ఎం.లు పనిచేయలేదు. పాలకు, పెట్రోలుకు బారులు తీరారు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాల్లో గ్రిడ్డు కూలి 60 కోట్ల మంది చీకట్లో పడ్డారు. అప్పుడు మన దక్షిణాది గ్రిడ్డు వేరు కనుక బతికాం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో మనమూ దేశ గ్రిడ్డులో కలిశాం. కొరత ఉన్ననాడు ఇతర చోట్ల నుంచి కరెంటు తెచ్చుకోవడానికి ఇది మేలు. కాని ఇకమీదట ఒకరి కష్టం మరొకరికి తాకవచ్చు.

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలు రెండూ ఒక్కసారిగా చీకటయ్యాయి. రైళ్లు ఆగాయి, కార్డు యంత్రాలు ఆగాయి. చేతిలో నోట్లు ఉన్నవారు రేడియోలు, బ్యాటరీలు కొనుక్కొన్నారు. ఆ తరువాత నెలలోనే నెదర్లాండ్స్ కేంద్ర బ్యాంకు, ప్రతి పెద్దమనిషికి 70 యూరోలు, పిల్లలకు 30 యూరోల చొప్పున మూడు రోజులకు సరిపడా రొక్కం ఇంట్లో ఉంచుకోమని ప్రజలకు చెప్పింది. 70 యూరోలంటే మన సొమ్ములో సుమారు ఏడు వేలు. అంత సంపన్న దేశం ఈనాడు చెప్పిన మాట, మన ఇంటి ఇల్లాలు పాలపొడి డబ్బాలో ఏనాడో పాటించింది.

నా మనవి

అనుభవం మీద కొన్ని సంగతులు మనవి చేస్తాను. మిత్రులు తమ ఇంటికి తగినట్లు మార్చుకోవచ్చును.

1. వారం రోజుల ఇంటి ఖర్చు, మందుల ఖర్చు, ఒకసారి ఆసుపత్రికి పోయే బండి కిరాయి – ఇంతే నిధి. అంతకు మించి వద్దు.

2. పదులు, ఇరవైలు, యాభైలు, వందలు ఎక్కువగా. ఐదు వందలు రెండు మూడు మాత్రమే. కొన్ని నాణేలు.

3. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూత గట్టి డబ్బాలో, అటక మీదో, నీరు ఎక్కని ఎత్తులోనో పెట్టాలి. భార్యాభర్తలిద్దరికీ చోటు తెలియాలి; ఊరందరికీ తెలియకూడదు. తడిసిన, చిరిగిన నోట్లను రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు మార్చి ఇస్తాయి, పారవేయకండి.

4. పెన్షను ఆర్డరు, పాసుబుక్కు, ఆధార్ నకళ్లు, పిల్లల ఫోను నంబర్లు కాగితం మీద రాసి అదే డబ్బాలో ఉంచండి. ఫోను చచ్చిపోతే నంబరు ఎవరికి గుర్తుంటుంది? పెన్షను ఆర్డరు తడిసిపోయిందని బెంగపడవద్దు. రెండో ప్రతి పెన్షను చెల్లించే ఆఫీసులో ఉంటుంది. నకలు ఉంటే పని సులువవుతుంది.

5. వానలు పట్టినప్పుడు కరెంటు ఉండగానే తాగునీళ్లు బిందెల్లో పట్టుకోవాలి. టార్చిలైటు, సెల్లులతో నడిచే చిన్న రేడియో, పది రోజుల మాత్రలు సిద్ధంగా ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు ఫ్రిజ్ లేనప్పుడు తడి గుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచే పద్ధతి డాక్టరుగారిని ముందే అడిగి తెలుసుకోండి. ఇన్వర్టరు కొద్ది గంటలకే, రోజులకు కాదు.

6. వాడుకొన్నది మళ్లీ నింపాలి. పండుగ ఖర్చుకు ముట్టకూడదు. నేను మాత్రం పెన్షను తెచ్చుకొన్న రోజున నిధి తనిఖీ చేస్తాను. నోట్లు చెల్లుబాటు అవుతున్నవేనా అని కూడా చూస్తాను.

నా భార్య మూడేళ్ల కింద వెళ్లిపోయింది. ఆమె పెట్టె సర్దుతుంటే అదే పాలపొడి డబ్బా దొరికింది. నా రిజిస్టరులో లేని సొమ్ము 1,850 రూపాయలు, అన్నీ చిన్న నోట్లే. అంటే నా లెక్క మీద ఆమెకు చివరిదాకా పూర్తి నమ్మకం కుదరలేదన్నమాట! ఆ సొమ్మును రిజిస్టరులో జమ వేయలేదు. డబ్బాను కోడలి చేతికిచ్చి, "ఇది నీ పర్మనెంటు అడ్వాన్సు, దీనికి నా తనిఖీ లేదు" అన్నాను.

మిత్రులారా, ఈ నెల పెన్షను తెచ్చుకొన్న రోజున మీ ఇంట్లోనూ ఒక డబ్బా మూత తెరవండి. ఇంట్లో ఆడవాళ్లు ఇప్పటికే ఒకటి పెట్టి ఉంటే, నాలాగా మందలించకుండా అందులో పది రూపాయల నోట్లు మరికొన్ని వేయండి.

వ్యాసంలో పొరపాట్లు ఉంటే పెద్దలు మన్నించగలరు.